విమానంలో ఒక్క సీటు

“ఆయనకి చెప్పు తాళాలూ, టీ చల్లారిపోతోందని.”

“వాడికి చెప్పు తాళాలూ, నాకు చల్లారిన టీయే ఇష్టమని.”

ఇద్దరి మధ్యా ఉన్నది ఒక్క బల్ల. బల్లకి ఇటు మా బావ, అటు గరిటె చేతబట్టుకుని మా వంటవాడు, మధ్యలో రొట్టెముక్క పట్టుకుని నేను. ఒకరన్నది ఇంకొకరికి శుభ్రంగా వినిపిస్తూనే ఉంది. అయినా మాట నా మీదుగా పోవాల్సిందే.

“టీ చల్లారిపోతోందట” అన్నాను బావతో.

“విన్నాను.”

“చల్లారిన టీయే ఇష్టమట” అన్నాను వంటవాడితో.

“విన్నాను.”

“ఇద్దరూ వింటే మధ్యలో నేనెందుకు? నా రొట్టె కూడా నన్ను తిననివ్వరా?”

బావ చల్లారిన టీని గటగటా తాగేసి, గ్లాసు బోర్లించి లేచిపోయాడు. వంటవాడు ఆ గ్లాసు వైపు చూసి మూతి తిప్పుకున్నాడు.

పోయిన వారం నుంచి ఇదే వరస. శిబిరాలకి తిండి సరుకులు పంపే మా సప్లై యూనిట్‌లో అతన్ని బావ అననివాడు లేడు. నిజానికి అతను బావ అయ్యేది ఒక్క వంటవాడికే. వాడి చెల్లెలి మొగుడు. యూనిట్‌లో లారీ తోలతాడు. వంటవాడు పొద్దస్తమానం ‘బావా, బావా’ అని పిలిచి పిలిచి ఆ పిలుపు గుడారం గుడారానికీ అంటించాడు. కెప్టెన్ గారంతటివారు కూడా ఒకసారి వైర్‌లెస్‌లో ‘బావ బయల్దేరాడా?’ అని అడిగేసి నాలుక కరుచుకున్నారు. ఇప్పుడు యూనిట్ మొత్తం బావా అంటోంది, అనాల్సిన వంటవాడు తప్ప. వాడికి ఆయన వట్టి ‘ఆయన’ అయిపోయాడు.

వంటవాడిని మేమందరం గరిటె అంటాం. స్టోరు తాళాలు నా నడుముకి వేలాడుతుంటాయి కాబట్టి నేను తాళాలు. దేశంకాని దేశంలో ముగ్గురం ఒకే గుడారంలో పడుకుంటాం. అదే నా ఖర్మ.

గొడవంతా విమానంలో సీటు గురించి. నెలకోసారి వచ్చే విమానంలో మా యూనిట్‌కి ఒక్క సీటు దొరుకుతుంది. వంతుల ప్రకారం ఒకడు ఇంటికి వెళ్ళి రావచ్చు. ఈసారి వంతు బావది. ఆ తర్వాత గరిటెది. ఆ తర్వాత నాది. ఒకడు వద్దంటే వంతు కిందివాడికి దిగుతుంది. ఎప్పటి నుంచో మా మధ్య ఉన్న కట్టుబాటు అది, ఎవరూ కాదనరు.

అలాంటిది, పోయినవారం బావ కెప్టెన్ గారి దగ్గరికి వెళ్ళి ‘ఈసారికి నేను వెళ్ళను సార్’ అని చెప్పి వచ్చాడు. ఎందుకని అడిగితే గోడకి చెప్పుకున్నట్టే. గరిటె ఒంటికాలి మీద లేచాడు. పెళ్ళాం బిడ్డల దగ్గరికి వెళ్ళడానికి మనసొప్పనివాడితో నాకు మాటలేంటన్నాడు. వంతు తనకే వచ్చినా తీసుకోనన్నాడు. మొగుణ్ని ఇక్కడ వదిలి తనొక్కడే ఇంట్లో దిగితే చెల్లెలికి ఏ మొహం చూపించాలట.

అంటే ఇద్దరూ వద్దంటున్నారు. దాచడమెందుకు, ఆ మాట విన్నప్పుడు నా గుండె ఒక్కసారి ఎగిరింది. నేను బయల్దేరేటప్పుడు మా పాప పాకుతోంది. ఇప్పుడు వీధిలోకి పరుగెడుతోందని మా ఆవిడ చెబుతోంది. అయినా సరే, ఇలా ఇంకొకరి కాపురంలో నిప్పు మీద చలి కాచుకోవడం నాకిష్టం లేదు. అందుకే వారంగా వీళ్ళిద్దర్నీ కలపాలని నోరు అరగదీసుకుంటున్నాను.

“ఒరేయ్ గరిటే, ఒక్కసారి నేరుగా అడగరాదా ఆయన్ని?” అన్నాను, బావ కనుమరుగయ్యాక.

“అడిగాను. ఏమన్నాడో తెలుసా? ‘నీకు చెప్పేది కాదు’ అన్నాడు. నా చెల్లెలి సంగతి నాకు కాక ఎవరికి చెబుతాడు? నీకు చెబుతాడా?”

“నాకూ చెప్పలేదు.”

“చెప్పడు. నువ్వు కూడా గట్టిగా అడగవులే.”

“అంటే?”

గరిటె గిన్నె అడుగు గీకుతూ నా వైపు చూడకుండా అన్నాడు. “మేమిద్దరం ఇలాగే మొహాలు మాడ్చుకుని కూర్చుంటే సీటు ఎవరిదవుతుంది?”

నాకు కడుపు మండిపోయింది. వీడి టీ కబుర్లు, ఉప్పు కబుర్లు, దుప్పటి కబుర్లు అన్నీ మోసింది నేను. బావ సాక్సులు వీడి మంచం కిందికి పోతే, ‘ఆయన సాక్సులు ఆయనకివ్వు’ అని నా చేతికిస్తే, మూడడుగుల దూరంలో ఉన్నవాడికి అందించింది నేను. దానికి దక్కిన బహుమానం ఇది.

“ఇంకోసారి ఆ మాటన్నావంటే నీ కూర నువ్వే తిను” అని లేచి వచ్చేశాను.

*

స్టోరు తెరిచేసరికి కెప్టెన్ గారి దగ్గర్నుంచి పిలుపొచ్చింది. తాళాలు గరిటె చేతికిచ్చి వెళ్ళాను. లారీకి సరుకెక్కించే రోజు అది. కూరగాయలు, రొట్టెలు చూసుకునేది వాడే కాబట్టి ఇవ్వక తప్పదు. ఆ రోజు నేను చేసిన తెలివితక్కువ పని అదొక్కటే.

కెప్టెన్ గారు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టి, రెండు చేతులతో మొహం రుద్దుకున్నారు.

“మీ గుడారం ఏమిటయ్యా ఇది? మొత్తం యూనిట్‌లో ఎవరితోనూ నాకు ఇబ్బంది లేదు. లారీలు వస్తున్నాయి, పోతున్నాయి. బియ్యం వస్తోంది, పోతోంది. మీ ముగ్గురే నా తల తినేస్తున్నారు.”

“ఇద్దరే సార్. నేను మధ్యలోవాణ్ని.”

“మధ్యలోవాడివైతే తేల్చవేం? సాయంత్రం హాజరు దగ్గర నాకు ఒక పేరు కావాలి. లేకపోతే సీటు పక్క యూనిట్‌కి పోతుంది. ఆ రిపేరు షెడ్డువాళ్ళు ఇప్పటికే వచ్చి పళ్ళికిలించి వెళ్ళారు.”

“సాయంత్రానికి తేలుస్తాను సార్.”

“వాళ్ళిద్దరూ వద్దంటే నువ్వున్నావుగా?”

ఆ మాట అంటున్నప్పుడు ఆయన మామూలుగానే అన్నారు. నాకే మామూలుగా వినిపించలేదు.

“ముందు వాళ్ళని అడగండి సార్” అన్నాను.

నేను తిరిగి వచ్చేసరికి లారీ నిండిపోయి, వెనక తలుపు బిగించి ఉంది. ఇంత తొందరగా ఎప్పుడూ అవదు. లారీ ఎక్కించడమంటే మాకు ఒక పద్ధతి ఉంది. బావ లారీ వెనక నిలబడి శిబిరాల పేర్లు గట్టిగా అరుస్తాడు. ముందు ‘కొండ’ అంటాడు. కొండ శిబిరానిది అన్నిటికన్నా దూరం, దాని సరుకు ముందెక్కి లోపలికి పోవాలి. తర్వాత ‘వంతెన’. చివర్న ‘వాగు’. వాగు శిబిరం దగ్గర, ముందు దింపేది వాళ్ళకే, కాబట్టి వాళ్ళది తలుపు దగ్గరుండాలి. ఒక్కో అరుపుకి గరిటె ఒక వెటకారం ఆడటం, బావ తిరిగి అనడం, మోసేవాళ్ళు నవ్వడం. ఆ సందడి లేనిదే మా లారీ కదలదు.

ఆ రోజు ఏ అరుపూ లేదు. బావ అప్పటికే డ్రైవరు సీట్లో కూర్చుని ఎదురుగా ఉన్న మట్టిరోడ్డు వైపు చూస్తున్నాడు.

“సరుకు చూసుకున్నావా?” అన్నాను కిటికీ పట్టుకుని.

“చూసుకోవాలంటే అడగాలి. వాడు ఎక్కించేశాడు, చాల్లే.”

“బావా, ఒక్కమాట. సాయంత్రం కెప్టెన్ గారికి పేరు చెప్పాలి. వెళ్ళొచ్చు కదా. నీకూ పిల్లాడున్నాడు. ఎందుకీ మొండితనం?”

బావ స్టీరింగు మీద అరచెయ్యి ఒకసారి రుద్దాడు.

“నాకు వెళ్ళాలని లేదనుకుంటున్నావా?”

“మరి వాడితో ఆ ముక్క చెప్పు.”

“చెప్పకూడదు. మాటిచ్చాను.”

“ఎవరికి?”

బావ ఇంజను తిప్పాడు. “ఫోను వేళకి వచ్చేస్తాను. ఇవాళ మా ఇంటి వంతు” అని మాత్రం ఇంజను రొదలో అరిచాడు.

మాటిచ్చాడట. ఆ మాట పట్టుకుని దుమ్ములో నిలబడ్డాను. ఈ మనిషి నోట్లోంచి ఒక్క ముక్క రాబట్టడం కన్నా బియ్యం బస్తాలు మోయడం సుఖం.

*

మధ్యాహ్నం వైర్‌లెస్ మోగింది. వాగు శిబిరం నుంచి. అటువైపు మాట్లాడుతున్నవాడు మాట్లాడటం లేదు, తిడుతున్నాడు. తలుపు తీస్తే ఎదురుగా కొండ శిబిరం సరుకు ఉందట. దాని వెనక వంతెనది. వాగు శిబిరానిది అన్నిటికన్నా లోపల, గోడకి ఆనించి ఉందట. లారీ మొత్తం రోడ్డు మీదికి దింపి, వాళ్ళది తీసుకుని, మిగిలింది మళ్ళీ ఎక్కించాలి.

నేను పరుగున వంటశాలకి వెళ్ళాను.

“ఏరా, లారీ ఎలా ఎక్కించావు?”

“ఎలా ఏముంది? ముందు వాగు, తర్వాత వంతెన, ఆఖర్న కొండ.”

“తిరగేసి ఎక్కించావురా.”

“తిరగేయడమేంటి? ముందు ఎవరు తింటారో వాళ్ళకి ముందు పెట్టాను” అన్నాడు గరిటె. అని, చేతిలోని గరిటె అలాగే ఉంచి, నోరు తెరిచి ఉండిపోయాడు.

వంట చేసేవాడు ముందు తినేవాణ్ని తలుచుకుంటాడు. లారీ తోలేవాడు చివర తినేవాణ్ని తలుచుకుంటాడు. అందుకే ఆ అరుపు కావాలి. ఇన్నాళ్ళూ బావ అరిస్తే వీడు అందించాడు తప్ప, ఆ వరస ఎందుకో వీడి బుర్రకి పని పెట్టలేదు. వీడెక్కించాడు, ఆయన చూసుకోలేదు. ఒకడు అడగడు, ఇంకొకడు చెప్పడు. ముప్పొద్దులా అన్నం పెట్టాల్సిన సరుకంతా నడిరోడ్డు మీద పడి ఎండుతోంది.

“కావాలని చేశావనుకుంటాడు” అన్నాను.

“కావాలని చేయలేదని నువ్వు చెప్పు.”

“నేను చెప్పను.”

“అదేంటి?”

“అంతే. నా వల్ల కాదు. మీ పాటికి మీరు చావండి” అన్నాను. వాడు నన్ను ఆపలేదు. ఎసరు పొంగుతున్నా మూత తీయడం మర్చిపోయి అలాగే నిలబడ్డాడు.

*

ఫోను వేళ అయింది. బావ రాలేదు.

మా ఫోను గది అంటే నాలుగు రేకులు, ఒక స్టూలు, ఒక ఆపరేటరు. ఆ ఫోనులో రహస్యాలు నడవవు. అవతలివాళ్ళు అరవాలి, ఇవతలివాళ్ళు చెవికి దూరంగా పట్టుకోవాలి. ఎవరింట్లో పప్పు మాడిందో, ఎవరి అత్తకి మోకాళ్ళ నొప్పో క్యూలో ఉన్న అందరికీ తెలుసు. వారానికొకసారి దొరికే ఆ కాసేపట్లో సిగ్గుపడటానికి ఎవరికీ తీరిక ఉండదు.

బావ, గరిటెల వంతులు పక్కపక్కనే. ఇద్దరి ఆడవాళ్ళూ ఉండేది ఒకే ఇల్లు, గరిటె వాళ్ళ ఇల్లు. ముందు బావ మాట్లాడతాడు, తర్వాత గరిటె. ఈ నెలగా బావ మాత్రం ఫోను చెవికి అదిమిపెట్టుకుని ఊ కొట్టడం తప్ప, ఒక్క ముక్క బయటికి రానివ్వడం లేదు.

“బావేడీ?” అన్నాడు ఆపరేటరు. “లేకపోతే తర్వాతివాళ్ళని పిలుస్తాను.”

“వీడు మాట్లాడతాడు” అని గరిటెని ముందుకి తోశాను. “బావ దారిలో ఉన్నాడని ఆ అమ్మాయితో చెప్పు. ఆ మాత్రమైనా చెయ్యి.”

“ఎత్తేది మా ఆవిడే” అని గొణిగాడు గరిటె. అయినా స్టూలు మీద కూర్చున్నాడు.

అవతల ఫోను మొదటి మోతకే ఎత్తారు.

“మీరేనా? ఎందుకు రావట్లేదు మీరు? నిజం చెప్పండి.”

గరిటె ఫోను చెవి నుంచి దూరం జరిపి దానివైపు చూశాడు. అది వాడి భార్య గొంతు కాదు.

“నేనే, అన్నయ్యని” అన్నాడు. “బావ లారీ మీద వెళ్ళాడు. ఆలస్యమైంది.”



“ఆలస్యమైందా, మాట్లాడటం ఇష్టం లేదా అన్నయ్యా? నేను ఇవాళ పని మానేసి మరీ కూర్చున్నాను.”

“పనేంటి?”

“నీకు చెప్పలేదు కదూ. మందుల షాపులో కుదిరాను. నెల దాటింది. నువ్వు వద్దంటావని ఆయన్ని చెప్పొద్దన్నాను. ఇప్పుడు తిట్టకు. తర్వాత తిడుదువుగాని.”

గరిటె తిట్టలేదు. తిట్టేవాడే, ఊపిరి అందితే. ఇద్దరు మగవాళ్ళం సంపాదిస్తుంటే ఇంటి ఆడపిల్ల ఇంకొకరి కౌంటరు వెనక నిలబడటమేమిటని వీడు ఇదివరకు ఎన్నిసార్లు అన్నాడో నాకు తెలుసు. మాటిచ్చానని బావ ఎందుకన్నాడో అప్పుడు తెలిసింది.

“ఆయన ఫోను చేసే వేళకి నేను షాపులో ఉంటాను” అంటోంది ఆ అమ్మాయి. “వదినే ఎత్తుతుంది. నా మాట ఆయనకి, ఆయన మాట నాకు చెబుతుంది. పోయినవారం చెప్పింది, ఈసారి పైవాళ్ళు ఆయనకి సెలవివ్వలేదని. నాకు నమ్మబుద్ధి కాలేదు. సెలవు ఎందుకివ్వలేదు అన్నయ్యా? ఆయనేమైనా తప్పు చేశారా?”

“సెలవిచ్చారు” అన్నాడు గరిటె నెమ్మదిగా.

“ఏమన్నావు?”

“సెలవిచ్చారే అమ్మా. ఆయనే వద్దన్నాడు. నువ్వేమైనా రావద్దన్నావా?”

“నేనెందుకంటాను?” ఆ అమ్మాయి గొంతు పగిలింది. “రమ్మని కదా ప్రతివారం వదినతో చెప్పించాను. బాబు రోజూ అడుగుతున్నాడు. నేనెందుకు వద్దంటాను?”

గరిటె నా వైపు చూశాడు. వాడి కళ్ళు అడుగుతున్న ప్రశ్న నాకర్థమైంది. నేను రేకుల వైపు చూశాను. ఒకరి మాట ఇంకొకరికి మోసేవాడి చేతిలో ఎంత ఉంటుందో ఈ వారమంతా చూసినవాణ్ని నేను. కావాలంటే ఒక్క ముక్క మార్చి చెప్పడానికి ఎంతసేపు?

“వదినకివ్వు ఫోను” అన్నాడు గరిటె.

వాడి భార్య అక్కడే నిలబడి అంతా వింటోందని తెలుస్తూనే ఉంది. 

“ఏమని చెప్పావు మా బావకి?”

“ఏవండీ...”

“ఏమని చెప్పావు?”

“వదిన కొత్తగా పనిలో చేరింది, ఇప్పుడు మీరొస్తే సెలవు పెట్టాలి, పని పోతుంది, ఈసారికి రావద్దంటోంది అన్నయ్యగారూ అని చెప్పాను.” ఆమె గొంతు సన్నగా, కానీ తడబడకుండా వచ్చింది. “మీ బావమరిదికి తెలిస్తే పని మానిపిస్తారు, ఆయనకేం చెప్పొద్దని కూడా అన్నాను.”

“ఎందుకు?”

“మీరే చెప్పారు కదా, బావ వద్దంటే ఆ వంతు నాకొస్తుందని.”

గరిటె కదల్లేదు. ఆపరేటరు తన గడియారం వైపు చూడబోయి మానుకున్నాడు.

“తప్పే. వదిన మొహం చూడలేకపోతున్నాను. నన్ను ఏమన్నా అనండి, పడతాను” అంది ఆమె. ఆ తర్వాత, అడగొద్దని తనకు తాను ఎంత చెప్పుకున్నా ఆగలేనట్టు, “వస్తున్నారా?” అంది.

ఫోను గరగరలాడి ఆగిపోయింది. సమయం అయిందో, లైను తెగిందో, లేక మా ఆపరేటరే తట్టుకోలేక తీసేశాడో నాకు తెలీదు. 

గరిటె బయటికొచ్చి మెట్టు మీద కూర్చున్నాడు. నేను పక్కన కూర్చున్నాను. ఏం మాట్లాడను? తిట్టడానికి ఒక మనిషి దొరికాడు కదా అని వారంగా సుఖంగా ఉన్నాడు వీడు. ఆ సుఖం కూడా పోయింది.

“చల్లారిన టీ ఇచ్చానురా ఆయనకి” అన్నాడు.

“నువ్వు వేడిగానే ఇచ్చావు. ఆయనే తాగలేదు.”

“లేదు. కావాలనే చల్లార్చి ఇచ్చాను.”

ఇంత జరిగాక వీడికి టీ గుర్తొచ్చింది. నాకు నవ్వాలో ఏడవాలో తెలీలేదు.

“బావకి ఏమని చెబుతాను? మా ఆవిడ ఇలా చేసిందని ఆయన ముందు ఏ నోటితో అనను? అనకపోతే ఆయన వెళ్ళడు. నువ్వు చెప్పరాదూ.”

“చెప్పను. ఇకనుంచి ఒక్క ముక్క కూడా మోయను” అన్నాను. ఈసారి కోపంతో కాదు. నిజంగానే మోయలేకపోయాను.

*

హాజరుకి అందరూ బారులు తీరాక లారీ వచ్చింది. బావ నెత్తి నుంచి కాలి దాకా దుమ్ము. చొక్కా వీపుకి అంటుకుపోయింది. బస్తాలు దింపి, ఎక్కించి, మళ్ళీ దింపి వచ్చిన మనిషి. నేరుగా వచ్చి బారులో గరిటె పక్కన తన చోట్లో నిలబడ్డాడు. వాడి వైపు చూడలేదు.

“ఫోను అయిపోయిందా?” అన్నాడు నాతో.

“అయిపోయింది.”

కెప్టెన్ గారు మా ముందుకొచ్చి ఆగారు. “పేరు?” అన్నారు.

బావ ఒక అడుగు ముందుకేశాడు. “మా బావమరిది పేరు రాసుకోండి సార్. వాడు వద్దన్నా వాణ్నే పంపించండి. ఎవరో ఒకరం వెళ్ళకపోతే ఇంట్లో బాగుండదు.”

“ఏమయ్యా, నీ పేరేనా?” అన్నారు కెప్టెన్ గారు గరిటెతో.

గరిటె అలవాటు కొద్దీ నా వైపు తిరిగి, “తాళాలూ, ఆయనకి...” అని మొదలుపెట్టాడు. నేను తల అడ్డంగా ఊపాను. వాడు ఒక క్షణం నేలచూపులు చూసి, తల తిప్పి, వారం తర్వాత మొదటిసారిగా పిలిచాడు.

“బావా.”

బారులో అందరి తలలూ ఇటు తిరిగాయి.

“ఇవాళ ఫోను చెల్లెలే ఎత్తింది. పని మానేసి నీ కోసం కూర్చుంది.”

బావ మొహంలో రంగు మారింది. “పని సంగతి నీకు...”

“తెలిసింది. దాని సంగతి తర్వాత. నిన్ను రావద్దని అది అనలేదు బావా. ప్రతివారం రమ్మనే చెప్పిందట.”

“మరి చెల్లెమ్మ నాతో...” అని బావ ఆగిపోయాడు. గరిటె భార్యని ఆయన చెల్లెమ్మ అంటాడు. ఆయన మందకొడి మనిషి కాడు. గరిటె మొహం చూశాడు, నా మొహం చూశాడు. లెక్క కుదిరినట్టుంది. దవడ బిగుసుకుంది.

“ఎందుకలా చెప్పింది?” అన్నాడు చివరికి.

“నేను వస్తానని.”

వాడు తల వంచలేదు. ఏడవలేదు. ఆ రెండు ముక్కలు చెప్పి ఊరుకున్నాడు. బావ తిడతాడని నేను ఎదురుచూశాను. తిట్టి ఉంటే అందరికీ హాయిగా ఉండేది. ఆయన టోపీ తీసి, తొడకేసి దుమ్ము దులిపి, మళ్ళీ పెట్టుకున్నాడు.

“అయితే నువ్వే వెళ్ళు” అన్నాడు.

“ఏంటి?”

“అంత చేసిందంటే ఎంత బెంగ పెట్టుకుందో చూడు. నువ్వే వెళ్ళాలి.”

“నీకు పిచ్చిగాని పట్టిందా? చెల్లెలు పని మానేసి కూర్చుంటే నేను పెట్టె పట్టుకుని దిగనా? దాని ఎదుట మా ఆవిడ నాకు అన్నం వడ్డిస్తే నాకు ముద్ద దిగుతుందా? వెళ్ళేది నువ్వు.”

“నేను వెళ్తే చెల్లెమ్మ ఆ ఇంట్లో తలెత్తుకుని తిరుగుతుందా? నేనెందుకొచ్చానో, నువ్వెందుకు రాలేదో మీ అమ్మకి, వీధికి తెలియదా? నేను వెళ్ళను.”

“నేనూ వెళ్ళను.”

“లారీ తిరగేసి ఎక్కించినవాడివి, నాకు బుద్ధి చెబుతున్నావా?”

“చూసుకోకుండా తోలుకుపోయినవాడివి, నువ్వు నాకు చెబుతున్నావా?”

కెప్టెన్ గారు కళ్ళజోడు తీశారు. “మాట్లాడుకోనప్పుడే నయం మీరు” అన్నారు. బారులో ఎవరో కిసుక్కున నవ్వి, వెంటనే దగ్గినట్టు నటించారు. ఆయన నవ్వలేదు. నిజంగానే విసిగిపోయారు. దూరంగా రిపేరు షెడ్డు గుమ్మంలో ఇద్దరు నిలబడి చూస్తున్నారు.

“ఇదే ఆఖరిసారి అడగడం. మొదటివాడు?”

“వద్దు సార్” అన్నాడు బావ.

“రెండోవాడు?”

“వద్దు సార్” అన్నాడు గరిటె.

“సరే. వంతు కిందికి దిగింది.” ఆయన నా ముందుకొచ్చి నిలబడ్డారు. “నువ్వేమంటావయ్యా? నీ పేరు రాయనా, సీటు షెడ్డువాళ్ళకి వదిలేయనా?”

బావ నన్ను చూశాడు. గరిటె నన్ను చూశాడు. పొద్దున వాడన్న మాట వాడికీ గుర్తొచ్చింది, నాకూ గుర్తొచ్చింది. ఒక ఇంట్లో ఇద్దరు ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా ఒకే ఫోను పక్కన కూర్చుని ఉంటారు. ఇంకో ఇంట్లో మా పాప నన్ను ఫొటోలో తప్ప ఎరగదు. గుమ్మంలో కొత్తగా నిలబడితే ఎవరని అడుగుతుందో ఏమో.

“త్వరగా చెప్పు” అన్నారు కెప్టెన్ గారు.

అందరి మాటలూ మోసి మోసి ఆరితేరిన నోరు నాది. నా సొంత మాట ఒక్కటి చెప్పమనేసరికి పెగల్లేదు.